రాజ్యం నెయ్యిలో ఆకుపచ్చ మంట

1974 మే నెల. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక మేడ మీద రెండు గదుల ల్యాబులో నేను కెమిస్టుని. కింద సైకిళ్ళ దుకాణం, పక్కన పచ్చళ్ళ కొట్టు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మాష్టారు ఆ ల్యాబు పెట్టారు. ఆయనకు చెయ్యి వణకడం మొదలయ్యాక గాజుసామానంతా నాకు అప్పగించి, ఆయన కుర్చీకీ రబ్బరు స్టాంపుకీ పరిమితమయ్యారు. తవుడులో నూనె ఎంతుంది, వేరుశనగ చెక్కలో ఎంత మిగిలింది, ఎరువులో కల్తీ ఉందా, బావినీళ్ళు తాగొచ్చా, ఇవీ మా దగ్గరికొచ్చే ప్రశ్నలు. అన్నేళ్ళ ఉద్యోగంలో మరిచిపోలేని సంగతి చెప్పమని ఎవరడిగినా నేను తవుడు సంగతులు చెప్పను. రాజ్యం సంగతి చెబుతాను. రాజ్యం ఒక గేదె.

ముందు మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. కాఫీ డికాక్షన్ అందరికీ తెలుసు. పొడిలో ఉన్న సారాన్ని వేడినీళ్ళు లాక్కొస్తాయి. మేం చేసేదీ అదే. కాకపోతే నీళ్ళకి బదులు ఈథరో, క్లోరోఫామో వాడతాం. అలా లాక్కొచ్చే ద్రవం పేరు సాల్వెంట్, అది తెచ్చిన సారం పేరు ఎక్స్‌ట్రాక్ట్. చిక్కంతా ఆ తరవాతే. పని అయిపోయిన సాల్వెంట్‌ని సాగనంపాలి. నేను చేరిన కొత్తలో మాష్టారు, "సాల్వెంట్ రిక్షా లాంటిదమ్మా. చుట్టాన్ని గుమ్మం దాకా తెస్తుంది. దింపాక అది వెళ్ళిపోవాలి. వెళ్ళిందో లేదో చూసుకోకుండా ఇంట్లోకి ఎవరొచ్చారో చెప్పబోకు" అన్నారు.

వేడినీళ్ళ తొట్టిని మేం వాటర్‌బాత్ అంటాం. దాని మీద గిన్నె పెడితే సాల్వెంట్ చాలావరకు ఆవిరైపోతుంది. ఆఖరున మిగిలే కాస్తే మొండిఘటం. కొవ్వులోకి దూరిందంటే ఓ పట్టాన బయటికి రాదు. వాసన పోయిందనిపిస్తుంది, కానీ అది లోపలే ఉంటుంది. అందుకని ఆరబెట్టి తూకం వేసి, మళ్ళీ ఆరబెట్టి మళ్ళీ తూకం వేసి, రెండు తూకాలు ఒకటయ్యేదాకా ఆ గిన్నెకి కాపలా కాయాలి. ఇంట్లో కూర మాడుతున్నా పొయ్యి దగ్గర నిలబడని దాన్ని నేను. మా అమ్మ నన్ను తిట్టని రోజు లేదు. అలాంటిదాన్ని ఆ గిన్నె దగ్గర మాత్రం ఓపిక నేర్చుకున్నాను.

బెజవాడ ఎండల్లో ఇంకో తంటా ఉంది. ఈథర్ సీసా బిరడా తీస్తే వాటర్‌బాత్ అక్కర్లేదు, అరచేతి వేడికే బుడగలొస్తాయి. ఆ ఆవిరి నేలబారున పాకి ఎక్కడో ఉన్న దీపాన్ని అందుకుంటే ల్యాబూ మిగలదు, మనమూ మిగలం. అందుకే మా రెండు గదుల్లో ఒకటి ఆవిరి గది, రెండోది మాష్టారి బల్ల కూడా ఉండే మంట గది. రెండు తలుపులూ ఒకేసారి తెరవకూడదు. మాష్టారు నన్ను కసిరింది ఆ ఒక్క విషయంలోనే.

ఒక శుక్రవారం పొద్దున్న మెట్లెక్కి ముగ్గురు మనుషులు వచ్చారు. ముందున్నాయన బసవయ్యగారు, హనుమాన్ జంక్షన్ దాటి లోపలికి వెళితే వచ్చే ఊళ్ళో రైతు. పంచె, చెవి వెనక చుట్ట, చేతిలో గుడ్డ చుట్టిన గాజుకూజా. వెనక ఆయన మేనల్లుడు ప్రసాద్, బెజవాడలోనే బి.ఎస్సీ. చదువుతున్నాడు. సీలు వేసిన వెడల్పుమూతి సీసాని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. మూడో మనిషి గుమ్మం దాటలేదు. చివరి మెట్టు మీద తువ్వాలు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అతను దేవదానం, బసవయ్యగారి పాలేరు.

బసవయ్యగారు కూజాని మాష్టారి బల్ల మీద పెట్టారు. ఎవరి దగ్గరికైనా పని మీద వెళితే వట్టిచేతులతో వెళ్ళడం మా వైపు రైతులకి చేతకాదు.

"మా రాజ్యం నెయ్యండీ మాష్టారూ. పోయిన వారం కాచింది. ఇక ఇదే ఆఖరు" అన్నారు. అంటూనే కూజా మీది గుడ్డతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ దుఃఖం నిజమైనది. అది నేనిప్పుడూ కాదనను.

జరిగింది ఇదీ. మంగళవారం సాయంత్రం దేవదానం గేదెల్ని కాలవ నుంచి ఆలస్యంగా తోలుకొచ్చాడు. బసవయ్యగారు అతన్ని తల్లితో కలిపి ఓ మాట తిట్టారు. ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి ఆ రోజు చెప్పాడు. "మా అమ్మనంటే బాగోదండీ. ఉసురు తగులుద్ది" అన్నాడు. రేపట్నించి గుమ్మం తొక్కొద్దు పొమ్మన్నారు ఈయన. బుధవారం మధ్యాహ్నానికి రాజ్యం కిందపడి కాళ్ళు తన్నుకుని చచ్చిపోయింది. చేలో కొట్టగా మిగిలిన ఎండ్రిన్ డబ్బా పశువుల పాకలో చూరుకి వేలాడుతూనే ఉంది. ఎండ్రిన్ అంటే ఆ రోజుల్లో వరికి కొట్టే పురుగుమందు, చుక్క చాలు పశువుకి. ఆ డబ్బా ముట్టేది దేవదానం ఒక్కడే. ఉసురన్నవాడూ అతనే. ఇంకేం కావాలి?

ఇంకేం కావాలో ప్రసాద్ తెచ్చిచ్చాడు. పశువుల కాంపౌండరు చేత గేదె పొట్ట కోయించి, లోపలి మేత సీసాలోకి తీయించి, మర్నాడు కాలేజీ ల్యాబులో పరీక్ష చేశాడు. దాన్ని రాగితీగ పరీక్ష అంటారు. రాగితీగని మంటలో కాల్చి, అనుమానం ఉన్న పదార్థంలో ముంచి మళ్ళీ మంటలో పెడతారు. అందులో క్లోరిన్ ఉంటే మంట ఆకుపచ్చగా వెలుగుతుంది. ఎండ్రిన్‌లో క్లోరిన్ ఉంది. మంట ఆకుపచ్చగా వచ్చింది. ప్రసాద్ మేనమామతో కలిసి ఊరికి పరిగెత్తి ఆ మాట చెప్పాడు, ఊరు నమ్మేసింది.

ఆదివారం పెద్దమనుషులు కూర్చుంటారు. వాళ్ళకి స్టాంపున్న కాగితం కావాలి. కాగితంలో ఎండ్రిన్ అని ఉంటే దేవదానాన్ని పోలీసులకి అప్పగిస్తారు. అతని గుడిసె ఉన్నది బసవయ్యగారి దొడ్డిలోనే, అది పీకేస్తారు. భార్య, ముగ్గురు పిల్లలు రోడ్డున పడతారు. ఇదంతా బసవయ్యగారే చెప్పారు, జరగబోయే పెళ్ళి ముచ్చట చెప్పినంత మామూలుగా.

"మరి ఆయన్నెందుకు తెచ్చారు?" అన్నారు మాష్టారు.

"నేనెక్కడ తెచ్చానండీ! వాడే బస్సెక్కాడు. నా చావు నేను కళ్ళారా చూసుకుంటానన్నాడు."

అప్పుడు బసవయ్యగారు ఓరకంట నన్ను చూశారు. నా మెడలో చిన్న సిలువ ఉంది. మాష్టారి వైపు వంగి, గొంతు తగ్గించాననుకుని మాట్లాడారు.

"మాష్టారూ, ఓ మాట. పరీక్ష తమరే చెయ్యాలండీ."

"నా చెయ్యి చూశావుగా. ఎస్తేరే చేస్తుంది."

"అదేనండీ నేననేది. ఆవిడ వాళ్ళ మనిషి గదండీ."

చేతిలో గాజుగిన్నె ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే నేను ఏమనేదాన్నో. ఒళ్ళు మండిపోయింది. గిన్నె జాగ్రత్తగా కింద పెట్టి, "అవునండీ బసవయ్యగారూ, నేను ఆదివారం చర్చికే వెళతాను. ఆయన ఏ ఊరి చర్చికి వెళతాడో నాకు తెలీదు. మా ఇద్దరికీ చుట్టరికం మీరు కలిపారు కాబట్టి కట్నకానుకలు కూడా మీరే పెట్టాలి" అన్నాను.

మాష్టారు పకపకా నవ్వారు. బసవయ్యగారు నవ్వలేదు.

కోపం ఒక్కటే అయితే బాగానే ఉండేది. దాని కింద ఇంకోటి ఉంది. ఆయన అన్నది పూర్తిగా అబద్ధం కాదు. మెట్టు మీద నిలబడ్డ ఆ మనిషిని చూసిన క్షణం నుంచీ, ఆ సీసాలో ఎండ్రిన్ ఉండకూడదని నా మనసు కోరుకుంటోంది. పరీక్ష చేసేవాళ్ళకి కోరిక ఉండకూడదు. ఉంటే, కన్ను తనకి కావలసిందే చూస్తుంది. అందుకని ఏం చేసినా ముగ్గురి కళ్ళముందే చేయాలనీ, ఆఖరి మంట దగ్గర నా చెయ్యి ఉండకూడదనీ అనుకున్నాను.

"దేవదానం గారూ, లోపలికి రండి. ఇక్కడ కూర్చుని చూడండి" అన్నాను. అతను వెనక్కి తిరిగి చూశాడు, మెట్ల మీద ఇంకెవరైనా వస్తున్నారేమోనని. ఎవరూ లేరు. అప్పుడు లోపలికొచ్చి స్టూలు అంచున కూర్చున్నాడు.

ప్రసాద్‌ని అడిగాను. "మేత దేనితో తీశావు బాబూ?"

"క్లోరోఫామ్‌తోనండీ."

"తరవాత?"

"వాటర్‌బాత్ మీద పెట్టానండీ. జిడ్డుగా మిగిలింది."

"వాసన పోయిందా?"

కుర్రాడు తల గోక్కున్నాడు. "కొంచెం ఉందండీ. అటెండరు తాళం వేస్తానంటున్నాడు, మావయ్య గేటు దగ్గరున్నాడు. మిగిలింది ఎండకి అదే పోతుందిలే అనుకున్నానండీ."

నేనూ మాష్టారూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ కుర్రాడి తప్పు అర్థం చేసుకోదగ్గదే. కాలేజీ ప్రాక్టికల్స్‌లో పిల్లలకి ఇచ్చేవన్నీ పొట్లాల్లో కట్టిన పొడి పదార్థాలు. తీగ ముంచడం నేర్పుతారు, రంగు చూడటం నేర్పుతారు. సాల్వెంట్‌ని సాగనంపే అవసరమే వాళ్ళకి రాదు. క్లోరోఫామ్‌లో కూడా క్లోరిన్ ఉంటుందని ప్రసాద్‌ని పరీక్షలో అడిగితే ఠక్కున రాసేవాడు. గిన్నె దగ్గర నిలబడ్డప్పుడు మాత్రం అది గుర్తుకు రాలేదు.

ముందు పని చేయాలి. అందర్నీ ఆవిరి గదిలోకి తీసుకెళ్ళి, సీసాలోంచి సగం మేత తీసుకుని పెట్రోలియం ఈథర్‌తో ఎక్స్‌ట్రాక్ట్ తీయడం మొదలుపెట్టాను. అది పెట్రోలుకి పినతల్లి కూతురు లాంటిది. అందులో క్లోరిన్ ఉండదు, కాబట్టి చివర్న కాస్త మిగిలినా మంటకి రంగు రాదు. కాకపోతే దానికి మంటంటే మహా ప్రేమ. ఫ్యాను ఆపి, కిటికీలు తెరిచి, తలుపు వేయించాను. చెమటలు ధారగా కారుతున్నాయి. అంతలో బసవయ్యగారి చెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది.

"బసవయ్యగారూ! ఆ చుట్ట లోపల పెడతారా, అందరం కలిసి రాజ్యం దగ్గరికి పోదామా?"

ఆయన ఉలిక్కిపడి చుట్టని మళ్ళీ చెవి వెనక దోపుకున్నారు. ఆ తరవాత సాయంత్రం దాకా ఆ చెయ్యి అటు వెళ్ళలేదు.

ఎక్స్‌ట్రాక్ట్ వడగట్టి వాటర్‌బాత్ మీద పెట్టాను. ఆకుపచ్చటి నీరు సన్నగా మరుగుతూ తగ్గుతోంది. చివరికి గిన్నె అడుగున ముదురాకు రంగు జిడ్డు మిగిలింది. ప్రసాద్ లేచి నిలబడ్డాడు. "అయిపోయిందాండీ?"

"ఇప్పుడే మొదలైంది. కూర్చో."

తూకం వేశాను. గాలి తీసేసే గాజుగిన్నెలో పెట్టి పంపు తిప్పాను. మళ్ళీ తూకం వేశాను. తగ్గింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తగ్గింది. మా త్రాసు గాజుపెట్టెలో ఉండే సున్నితమైన త్రాసు, ఊపిరి తగిలినా ముల్లు కదులుతుంది. దేవదానం ఆ ముల్లు వైపే చూస్తున్నాడు. తూకం మళ్ళీ తగ్గాక అడిగాడు.

"అమ్మగారూ, వాసన పోయింది గదండీ. ఇంకా తగ్గుతుందేంటండీ?"

"వాసన పోయినా లోపల ఉంటుందండీ. కొవ్వు దాన్ని వదలదు. తూకం ఆగేదాకా ఉన్నట్టే."

"ఆగాక మిగిలిందాంట్లోనే నా సంగతి ఉంటదా?"

"మిగిలిందాంట్లో ఏముంటే అదే ఉంటుంది. నేను చెయ్యగలిగింది అంతే." అలా అన్నందుకు నాకే బాధేసింది. కానీ ఇంకో మాట ఇవ్వడానికి నాకు హక్కు లేదు.

బసవయ్యగారు కిటికీ వైపు చూస్తూ, ఎవరితోనూ కాకుండా అన్నారు. "దూడప్పుడు దానికి పాలు తాగడం రాలేదండీ. వీడే వేళ్ళు నోట్లో పెట్టి నేర్పాడు." దేవదానం తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అది చెమటే అయుండొచ్చు.

రెండు తూకాలు ఒకటయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. గిన్నె తీసుకుని, ఆవిరి గది తలుపు వేసి, అందరం మంట గదిలోకి వెళ్ళాం. స్పిరిట్ దీపం వెలిగించి రాగితీగ ప్రసాద్ చేతికిచ్చాను.

"నువ్వే పెట్టు బాబూ. నేను ముట్టను."

అతను తీగని ఎర్రగా కాల్చాడు, మంటకి రంగు లేదు. చల్లార్చి జిడ్డులో ముంచి మళ్ళీ పెట్టాడు. చిటపటమంది, పొగ వచ్చింది, పసుపుగా మండి ఆరిపోయింది. ఆకుపచ్చ లేదు. రెండోసారి పెట్టాడు. లేదు. మూడోసారీ లేదు. నా గుండె అప్పుడు కాస్త కుదుటపడింది, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

బసవయ్యగారి మొహం మాత్రం ఇంకా గట్టిపడింది. "ఇదేందండీ! మావాడు చేస్తే వచ్చింది, మీరు చేస్తే రాలేదు. ఏది నమ్మమంటారు? రేపు ఊళ్ళో ఏమంటారు? బెజవాడలో వాళ్ళమ్మాయి ఉంది, మార్చి రాసిందంటారు. అనరా?"

అంటారు. నిజమే. ప్రసాద్ మంట ఎందుకు ఆకుపచ్చగా వచ్చిందో చూపించకపోతే నా మంటకి విలువ లేదు. క్లోరోఫామ్ గురించి పాఠం చెప్పి ప్రయోజనం లేదు. పంచె కట్టుకున్న రైతుకి కంటికి కనిపించేది కావాలి. గదిలో చుట్టూ చూస్తుంటే మాష్టారి బల్ల మీద కూజా కనిపించింది.

"బసవయ్యగారూ, ఆ నెయ్యి ఎప్పుడు కాచారన్నారు?"

"పోయిన వారం. చెప్పాను గదండీ, మా ఆవిడ కాచింది."

"అప్పటికి రాజ్యం బాగానే ఉందా?"

"బ్రహ్మాండంగా ఉంది. పూటకి కుండ నింపేది."

"ఆ నెయ్యిలో ఎండ్రిన్ ఉందా?"

"ఏం మాటలండీ అవి! మేం తింటున్నాం, మా పిల్లలు తింటున్నారు. మాష్టారికి విషం తెస్తానా?"

కూజా మూత తీశాను. ఆ ఎండకి నెయ్యి పేరుకోకుండా నూనెలా ఉంది, గదంతా కమ్మటి వాసన. ముందు వట్టి నెయ్యిలో తీగ ముంచమన్నాను. ప్రసాద్ ముంచి మంటలో పెట్టాడు. పసుపుగా మండింది. తీగని మళ్ళీ బాగా కాల్చి శుభ్రం చేయించాను. తరవాత ఒక చెంచా నెయ్యి గిన్నెలో పోసి క్లోరోఫామ్ సీసా అందించాను.

"ఆ రోజు కాలేజీలో మేతని ఎలా చేశావో దీన్ని అలాగే చెయ్యి. అంతసేపే ఉంచు. అటెండరు తాళం వేస్తున్నాడనుకో, మీ మావయ్య గేటు దగ్గరున్నాడనుకో."

కుర్రాడికి అప్పటికే అర్థమైంది. చెవులు ఎర్రబడ్డాయి. అయినా చేశాడు, అది అతని మంచితనం. క్లోరోఫామ్ కలిపి, ఆవిరి గదిలో వాటర్‌బాత్ మీద పెట్టి, వాసన ఇంకా కాస్త ఉండగానే తీసుకొచ్చాడు. అడుగున నెయ్యి మళ్ళీ నెయ్యిలాగే ఉంది. తీగ ముంచి మంటలో పెట్టాడు.

ఆకుపచ్చ. చిలకరెక్క లాంటి ఆకుపచ్చ.

నేనే అన్నాను. "గేదె బతికుండగా కాచిన నెయ్యండీ ఇది. మీ ఆవిడ చేత్తో కాచింది. దేవదానం ఇందులో ఏం కలిపాడో చెప్పండి."

బసవయ్యగారు మంటవైపూ కూజావైపూ మార్చి మార్చి చూశారు. "అయితే ఆ పచ్చ ఎక్కణ్ణుంచి వచ్చినట్టండీ?"

మాష్టారు కుర్చీలోంచే జవాబిచ్చారు. "రిక్షాదయ్యా. చుట్టం దిగాక కూడా రిక్షా గుమ్మంలోనే ఉంది. మీవాడు రిక్షాని చూసి దొంగ వచ్చాడని కేకేశాడు." తరవాత సాల్వెంట్ సంగతి విడమరిచి చెప్పారు. బసవయ్యగారు మధ్యలో ఆపకుండా విన్నారు. ప్రసాద్ తల ఎత్తలేదు.

"అయితే మరి రాజ్యం ఎట్టా చచ్చిపోయిందండీ?" అన్నారు చివరికి. అప్పటిదాకా ఆయన అడగని ప్రశ్న అది. ఎవరు చంపారనే అడుగుతూ వచ్చారు.

మిగిలిన మేతని తెల్లటి పళ్ళెంలో పోసి పటకారుతో విడదీశాను. వరిగడ్డి నలిగిన పీచుంది. దాని మధ్య సగం నమిలిన లేత పచ్చటి ఆకులు, ముదురు ఈనెలు. గుడివాడ దగ్గర పుట్టి పెరిగినదాన్ని, జొన్నాకు ఏదో ఆ మాత్రం తెలుసు. పసుపురంగు పిక్రేట్ కాగితం ముక్క తీశాను. అది సయనైడు జాతి విషం ఆవిరి తగిలితే ఇటుక రంగుకి మారుతుంది. మేత కాస్త చిన్న సీసాలో వేసి, రెండు చుక్కల ఆమ్లం పోసి, కాగితం లోపలికి వేలాడదీసి బిరడా పెట్టాను. ప్రసాద్ సీసాకి సీలు గట్టిగా వేసి తెచ్చాడు, ఆ పుణ్యం అతనిదే. లేకపోతే ఆ విషం ఎప్పుడో గాలిలో కలిసిపోయేది.

"గేదె బుధవారం ఎక్కడ మేసిందండీ?" అన్నాను.

బసవయ్యగారు అలవాటుగా దేవదానం వైపు చూశారు. అతనికి తెలీదు. బుధవారం అతను లేడు.

కాగితం అంచు నుంచి రంగు తిరగడం మొదలైంది. పసుపు, నారింజ, ఆ తరవాత ఇటుక. బసవయ్యగారు పళ్ళెం దగ్గరికొచ్చి ఆ లేతాకుని వేలితో తీసి చూశారు. కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు.

"నాము" అన్నారు.

జొన్న కోసేశాక మోళ్ళు మిగులుతాయి. ఎండల్లో ఒక జల్లు పడితే వాటికి పిలకలు పుడతాయి. చూడ్డానికి నవనవలాడుతుంటాయి. వాటిని మేస్తే పశువు పొట్టలో విషం పుట్టి గంటల్లో చచ్చిపోతుంది. దాన్నే నాము అంటారు. మెట్టచేలు ఉన్న ప్రతి రైతుకీ తెలుసు. బసవయ్యగారికీ తెలుసు.

"వీణ్ణి రావద్దన్నాను గదండీ. పొద్దున్నే రాజ్యాన్ని నేనే విప్పాను. జొన్నచేలో పచ్చగా కనపడ్డది. రెండు పరకలు తిననీలే అని వదిలి, నీడన కూర్చుని చుట్ట కాల్చుకున్నాను." స్టూలు మీద కూలబడ్డారు. "ఇన్నేళ్ళూ వీడే మేపుతున్నాడు. ఎటు తోలకూడదో వీడే చూసుకునేవాడు. నాకు తట్టలేదండీ. నాకు తట్టనే లేదు."

పెద్దమనిషి మా ముందు భోరుమని ఏడ్చారు. దేవదానం లేచి రెండడుగులు వేసి ఆగిపోయాడు. మామూలప్పుడైతే ఆయన భుజం పట్టుకునేవాడేమో. ఆ రోజు పట్టుకోలేదు.

రిపోర్టు టైపు చేశాను. క్లోరిన్ ఉన్న పురుగుమందు ఈ పరీక్షకి అందినంతలో కనబడలేదు, సయనైడు జాతి విషమైన హైడ్రోసయనిక్ ఆమ్లం ఉన్నట్టు సూచన ఉంది, మేతలో జొన్న పిలకలు ఉన్నాయి. మాష్టారు వణికే చేత్తో సంతకం పెట్టి స్టాంపు వేశారు. దేవదానం నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మగారూ, దాంట్లో నేను చంపలేదని రాశారా?"

"లేదండీ. సీసాలో ఏముందో అదే రాస్తాం. మనుషుల పేర్లు రాయకూడదు."

"నా పేరు లేకపోతే వాళ్ళు నన్ను వదుల్తారాండీ?"

బసవయ్యగారు కండువాతో మొహం తుడుచుకుని లేచారు. "కాయితంలో లేకపోతే నాకు నోరు లేదంట్రా? నేను చెబుతాను. పద, బస్సు పోద్ది." ముగ్గురూ మెట్లు దిగారు. మేడ మీద నుంచి చూస్తుంటే ముందు బసవయ్యగారు, పదడుగుల వెనక దేవదానం, ఎవరితో నడవాలో తెలీక మధ్యలో ప్రసాద్. నెయ్యి కూజా బల్ల మీదే ఉండిపోయింది. దాన్ని మాష్టారూ తినలేదు, నేనూ తినలేదు. చాన్నాళ్ళు మంట గది కిటికీలో ఉంది.

ఆ రోజు తరవాత నేను ఏ పరీక్ష చేసినా పక్కనే ఇంకో గిన్నె పెట్టడం మొదలుపెట్టాను. అందులో శాంపిలు ఉండదు, నేను వాడే సాల్వెంటే ఉంటుంది. దాన్ని బ్లాంక్ అంటారు. పుస్తకంలో ఎప్పుడూ ఉన్నదే, రోజువారీ తొందరలో అందరం ఎగ్గొట్టేదే. ఇందులో నేను తెచ్చి కలిపింది ఎంత, మొదటి నుంచీ ఉన్నది ఎంత అని తేల్చుకోకుండా ఇక ఒక్క మాట కూడా రాయకూడదనుకున్నాను. బసవయ్యగారు తన అనుమానం తెచ్చి కలిపారు. నేనూ నా కోరిక తెచ్చి కలిపాను. నాది ఈసారికి నిజం వైపు పడింది, అది నా గొప్ప కాదు.

ఆ వానాకాలంలో ఒక రోజు దేవదానం మేడెక్కి వచ్చాడు. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. ఆటోనగర్‌లో లారీ షెడ్డుకి కాపలా ఉంటున్నాడట, పెళ్ళాం పిల్లల్ని కూడా తెచ్చుకున్నాడట. షెడ్డు ఓనరు బావినీళ్ళు పరీక్ష చేయించమంటే, నేను తీసుకెళతానని తనే సీసా పట్టుకొచ్చాడు.

"అదేంటండీ, ఊరు వదిలేశారా? ఆదివారం బసవయ్యగారు చెప్పలేదా?" అన్నాను. ఆయన మీద నాకు పాత కోపం బుసకొట్టింది.

"అయ్యో, చెప్పారమ్మగారూ. నలుగుర్లో నిలబడి, రాజ్యాన్ని నేనే చంపుకున్నాను, వీడి తప్పు లేదు అన్నారు. మర్నాడు గుడిసెకొచ్చి పన్లోకి రారా అని చెయ్యి పట్టుకున్నారు. కొత్త గేదెని కూడా కొన్నారు. మంచోడేనండీ ఆయన."

"మరి?"

అతను మా త్రాసు వైపు చూశాడు. గాజుపెట్టెలో ముల్లు కదలకుండా ఉంది.

"దూడప్పుడు చలికి నా దుప్పట్లో పడుకోబెట్టుకున్నానమ్మగారూ దాన్ని. అట్టాంటిదానికి నేను మందెట్టానని ఆయన నమ్మాడు గదండీ. ఆ రోజు మీరు ఆ గిన్నెని తూచారు, మళ్ళీ తూచారు. వాసన పోయినా లోపల ఉంటదన్నారు. నాకూ అట్టాగే ఉందండీ. పోయిందేమోనని చూసుకుంటాను. చూసినప్పుడల్లా ఉంటంది."

మిగిలింది అదే పోతుందిలెండి అనబోయాను. ఆ మాట ఇంతకుముందు ఆ గదిలో ప్రసాద్ తన గిన్నె గురించి అన్నాడని గుర్తొచ్చి, అతని చేతిలోంచి నీళ్ళ సీసా అందుకున్నాను.